కుడి అరకు చీటీలు

హవల్లీలో మా కొట్టుకు రెండు అరలు.
ఎడమ అరలో నిజంగా ముసలివి:
పసుపుబారిన క్యాసెట్లు, మూల విరిగినవి,
ఎవరో పిల్లాడు అరబీలో పేరు గీసి
మళ్ళీ తనే కొట్టేసినవి.
కుడి అరలో
నిన్న పుట్టి, నలభై ఏళ్ల కిందటి చొక్కా
తొడుక్కొచ్చినవి.

"ఒక్కోదానికి ఒక చీటీ రాయి" అన్నాడు అబూ నిదాల్.
"కొనేవాడు మోసపోకూడదు.
చేసినవాడూ మోసపోకూడదు."
రెండో ముక్క తలకెక్కడానికి
నాకొక వేసవి పట్టింది.

మొదట్లో అన్నిటికీ ఒకే మాట రాసేవాణ్ణి:
చిన్ననాటి రోజులు గుర్తొస్తాయి.
ఎవరి చిన్ననాడు?
నాది రాజంపేట బస్టాండు వెనక రేకుల షెడ్డు,
రూపాయికి మూడు ప్రాణాలు.
రోవెల్‌ది వాళ్ళ మామ మంచం కింద దాచిన పెట్టె,
పైకప్పు మీద సముద్రపు వాన.
అబూ నిదాల్‌కు ఆట మధ్యలో యుద్ధం వచ్చింది.
కరెంటు పోయింది, ఇల్లు మారింది,
ఆ మెట్టు ఇంతవరకు దాటలేదంటాడు.
ముగ్గురం ఒక చీటీలో పట్టలేదు.
ఆ మాట కొట్టేశాను.

తర్వాత చూడటం నేర్చుకున్నాను.
అప్పటి బొమ్మ గళ్ళుగళ్ళుగా ఉండేది
యంత్రానికి అంతకుమించి గతిలేక.
ఇప్పటివాడికి గతి ఉంది, అయినా గళ్ళే కావాలన్నాడు.
ఎందుకని?
పదహారు రంగుల్లో ఒక సాయంత్రాన్ని పట్టుకొచ్చాడా,
బద్ధకానికి గళ్ళ లుంగీ చుట్టాడా?
ప్రాణాలు మూడే ఇచ్చాడు, సరే.
అప్పుడది రూపాయి బిళ్ళ ఆకలి.
బిళ్ళే లేని చోట
ఈ ఆకలి ఎవరిది?
దూకితే కాలెక్కడ ఆనుతుందో
వేలికి ముందే తెలుస్తోందా?
చచ్చినప్పుడు తప్పు నాదనిపించిందా, వాడిదా?

ఇవి రాయాలంటే చివరిదాకా ఆడాలి.
ఆడకపోతే "సగమే ఆడాను" అని రాయాలి.
ఆ రెండు మాటలకే
నా చెయ్యి ఎక్కువసార్లు వణికింది.

చీటీ ముందువైపు అబూ నిదాల్ అరబీ,
దాని కింద రోవెల్ ఇంగ్లీషు.
వెనకవైపు, గోడకేసి, నా తెలుగు.
ఎవరూ చదవరు గనక అక్కడ అబద్ధం రాయలేదు.
"పాట బాగుంది. కథ నకలు."
"ఐదో మెట్టు దగ్గర చేసినవాడికే విసుగొచ్చింది."

ఒక శుక్రవారం, దుమ్ముగాలి.
తలుపు తెరిచేసరికి చీటీలన్నీ తిరగబడ్డాయి.
ఇంటివాళ్ళ పిల్లోణ్ణి చేత్తో పట్టుకొని
రెడ్డెమ్మ నిలబడింది.
పెదవులు కదుపుతూ చదివింది.
"ఎవురిదబ్బా ఈ రాత? మాది పుల్లంపేట."
ఇంకోటి చదివింది. ఇంకోటి.
"అన్నీ రాసినావు గానీ ఒకటి మరిసినావు.
పనికి పిలిస్తే మధ్యలో ఆపనిస్తాదా ఇది?
వీడు నిద్రపోయినాక నేనూ ఆడతాలే.
పదకొండుకు మొదలుపెడితే
పన్నెండుకు బెల్లు కొడతారు."

నాకు మాట రాలేదు.
ఏమంటోందని అడిగాడు అబూ నిదాల్. చెప్పాను.
ఎడమ అర వైపు కాసేపు చూసి
కలం మూత తీశాడు.

ఇప్పుడు ప్రతి చీటీకీ మొదటి గీత అదే, మూడు భాషల్లో:
ఆపిన చోటే ఉంటుంది,
లేదా, ఆపితే పోతుంది.

నెల తిరక్కుండా రెడ్డెమ్మ మళ్ళీ వచ్చింది.
"ఐదో మెట్టులో విసుగేముంది?
ఆడ వాన పడతాది, గొడుగు కింద నిలబడితే
ఎవురూ చంపరు. మూడు రాత్రులు ఆడే ఉన్నా.
చీటీ మార్చు."

మార్చలేదు.
నా మాట కింద ఆమె మాట రాసి
పేరు పెట్టాను. రెడ్డెమ్మ, పుల్లంపేట.
ఆ రాత్రి కొట్టు మూశాక
గొడుగు కింద నేనూ నిలబడి చూశాను.